డబ్బాల రంగులతో మొదలుపెట్టాలా, ఇండెంటు పుస్తకంతోనా? వార్డులో పర్యావరణ బాధ్యతకు నర్సుల ముందున్న దారులు

ఆసుపత్రిలో పర్యావరణం అనే మాట వినబడగానే నర్సుల కళ్ళముందు మెదిలేది గోడకు అంటించిన నాలుగు రంగుల చార్టు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో దేనిలో ఏది వేయాలో చెప్పే ఆ చార్టును మేమంతా పరీక్షకు చదివాం, తనిఖీకి వచ్చినవారికి అప్పజెప్పాం, కొత్తగా చేరిన సిస్టర్లకు నేర్పాం. చాలాకాలం వార్డుల్లో పనిచేసి ఇప్పుడు నర్సింగ్ విద్యార్థినులకు పాఠం చెబుతున్న నన్ను, కొత్తగా వార్డు ఇన్‌ఛార్జి బాధ్యత తీసుకున్న పూర్వ విద్యార్థినులు తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "మేడమ్, మా వార్డులో పర్యావరణం కోసం ఏదైనా చేయాలని ఉంది. ఉన్న పనికే సమయం చాలదు. దేనితో మొదలుపెట్టమంటారు?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేనిచ్చే జవాబు. దారులు నాలుగైదు ఉన్నాయి, వాటిలో ప్రతిదాన్నీ సమర్థించేవారు ఉన్నారు. అన్నీ ఒకేసారి చేయబోతే నెల తిరక్కముందే వార్డు మళ్ళీ పాత పద్ధతికే వచ్చేస్తుంది కనుక ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకునే ముందు ఏ దారినైనా నాలుగు ప్రశ్నలతో తూచమని చెబుతాను. దీనివల్ల రోగికి ప్రమాదం పెరుగుతుందా? ఈ నిర్ణయం నా చేతిలో ఉన్నదా, లేక డాక్టరుగారి సంతకమో సూపరింటెండెంటుగారి అనుమతో కావాలా? ఆయాల మీద, శానిటేషన్ సిబ్బంది మీద కొత్త భారం పడుతుందా? ఇంత చేస్తే నిజంగా ఆదా అయ్యేది ఎంత? మొదటి ప్రశ్నకు "పెరుగుతుంది" అన్న జవాబు వస్తే మిగిలిన మూడూ అడగవలసిన పని లేదు.

ఆలోచన మారుతూ వచ్చిన తీరు

ఏ దారి ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. 1859లో ఫ్లారెన్స్ నైటింగేల్ ఇంటి ఆరోగ్యానికి ఐదు విషయాలు ముఖ్యమన్నారు: స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన నీరు, సక్రమమైన మురుగు పారుదల, శుభ్రత, వెలుతురు. ఆమె దృష్టిలో పర్యావరణమంటే రోగి చుట్టూ ఉండి రోగిని బాగుచేసేదో పాడుచేసేదో అయిన పరిసరం. నర్సు చేసే పనివల్ల ఆసుపత్రి బయటి గాలి, నీరు చెడిపోవచ్చునన్న ఆలోచనకు ఆ రోజుల్లో చోటు లేదు. అప్పటి వార్డులో పారేయడానికి ఉన్న వస్తువులే తక్కువ.

నాకు పాఠం చెప్పిన పెద్దవారు గాజు సిరంజీలను విడదీసి, గుడ్డలో చుట్టి, స్టెరిలైజర్‌లో మరగబెట్టి వాడినవారు. సరిగా మరగని సిరంజీల ద్వారా, మొండిబారిన సూదుల ద్వారా హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకుతున్నాయని తేలడమూ, ఆ తరువాత హెచ్‌ఐవీ భయమూ కలిసి ఒకసారి వాడి పారేసే వస్తువును భద్రతకు మారుపేరుగా చేశాయి. మన దేశపు సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి 2005లో ఆటో డిజేబుల్ సిరంజీలు వచ్చాయి. ఒకసారి నొక్కితే మళ్ళీ వెనక్కి లాగలేని ఆ సిరంజీ ఎన్నో ప్రాణాలను కాపాడింది. ఇప్పుడు పర్యావరణం పేరుతో ఎవరైనా దాన్ని తప్పుబడితే నేను ఒప్పుకోను. అయితే సూదికి వర్తించిన ఆ న్యాయాన్ని ఆలోచించకుండా ట్రేలకూ గిన్నెలకూ దుప్పట్లకూ ఏప్రాన్లకూ కూడా వర్తింపజేశాం. పారేయడమే శుభ్రతన్న అలవాటు అక్కడ స్థిరపడింది.

పారేసినది ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న ఆ తరువాత వచ్చింది. క్లోరిన్ ఉండే పీవీసీ ప్లాస్టిక్కును తక్కువ వేడిలో తగలబెడితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయని, ఆసుపత్రి చెత్తను కాల్చే కొలిములు వాటికి పెద్ద మూలమని అమెరికాలో బయటపడ్డాక 1996లో హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే అంతర్జాతీయ ఉద్యమ సంస్థ పుట్టింది. మన దేశంలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలు మొదట 1998లో వచ్చాయి, 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. నాలుగు రంగుల చార్టు ఈ దశలోనిది.

చివరి మార్పు ఇటీవలిది. ప్రపంచం విడిచే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు 4.4 శాతం వైద్యరంగానివేనని హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ సంస్థే 2019లో లెక్కగట్టింది. ఆ లెక్కలో భారత వైద్యరంగం మొత్తం పరిమాణంలో ఏడో స్థానంలో ఉన్నా, పరిశీలించిన 43 దేశాల్లో తలసరి ఉద్గారాలు అత్యల్పంగా ఉన్నదీ మనకే. ఈ రెండో సంగతిని నేను విద్యార్థినులకు తప్పక చెబుతాను, ఎందుకంటే ఐరోపా ఆసుపత్రులు తగ్గించుకోవలసినంత మనం తగ్గించుకోవాలనడం న్యాయం కాదు. మందులే అందని ఊళ్ళకు ఇంకా వైద్యం చేరవలసి ఉన్నది. అలా చేరబోయే వైద్యాన్ని వృథా లేకుండా కట్టుకునే అవకాశం మాత్రం మనకు ఉన్నది. అంతర్జాతీయ నర్సుల మండలి 2021లో సవరించిన నీతి నియమావళిలో పర్యావరణ పరిరక్షణ, వాతావరణ మార్పు నర్సుల వృత్తి బాధ్యతలుగా చోటు చేసుకున్నాయి. చెత్తను సరిగా వదిలించుకోవడం దగ్గర నిలిచిపోయిన ఆలోచన, ఆ చెత్త అసలు ఎందుకు పుట్టిందని అడిగే దాకా వచ్చింది.

మొదటి దారి: డబ్బాలను సరిదిద్దడం

ఇది అందరికీ తెలిసినది, చట్టం కోరేది, తనిఖీలో కనిపించేది. రక్తం అంటిన దూది, కట్లు, శరీర భాగాలు, గడువు తీరిన మందులు పసుపు సంచికి. సూది తీసిన సిరంజీలు, ఐవీ సెట్లు, కాథెటర్లు, యూరిన్ బ్యాగులు, గ్లవ్స్ ఎరుపుకు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్లని డబ్బాకు. గాజు సీసాలు నీలానికి. పసుపు సంచి ప్రధానంగా కొలిమికి వెళుతుంది. ఎరుపు సంచిలోనిది ఆటోక్లేవ్‌లోనో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) మైక్రోవేవ్‌లోనో శుద్ధి అయి, ముక్కలై, ప్లాస్టిక్కును తిరిగి వాడే పరిశ్రమకు చేరుతుంది. ఒక ఐవీ సెట్టు పొరపాటున పసుపులో పడితే పీవీసీ మంటల్లోకి పోతుందన్న మాట. ఈ కారణం వివరించి చెప్పిన వార్డులో తప్పులు తగ్గడం నేను చూశాను. చార్టు మాత్రమే చూపించిన చోట తనిఖీ అయిన మరునాటికే పాత కథ మొదలయ్యేది.

ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం ఇంట్లో పుట్టే చెత్తలాంటిదేనని, ప్రమాదకరమైనది సుమారు 15 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ పదిహేను శాతాన్ని మిగతా దానితో కలిపేస్తే మొత్తం ప్రమాదకరమే అవుతుంది. అటెండర్లు తెచ్చిన ఇడ్లీ పొట్లాం కాగితం, అరటి తొక్క, మంచినీళ్ళ సీసా పసుపు సంచిలో కనిపిస్తున్నాయంటే తప్పు రోగి బంధువులది కాదు. వాళ్ళ మంచానికి దగ్గరలో మామూలు చెత్తడబ్బా లేకపోవడమే అసలు కారణం. డబ్బా పెట్టే చోటు మార్చడం చాలాసార్లు శిక్షణ కన్నా బాగా పనిచేస్తుంది.

ఈ దారికి రోగి వైపు నుంచి ప్రమాదం లేదు, నిర్ణయం చాలావరకు మీ చేతిలోనే ఉన్నది. అన్నిటికన్నా ముఖ్యంగా, చెత్త మోసే మనిషిని ఇది కాపాడుతుంది. ఎరుపు సంచిలో పడిన ఒక్క సూది గుచ్చుకునేది సంచిని భుజాన వేసుకున్న చేతికే. కాబట్టి డబ్బాల క్రమం ఇంకా కుదరని వార్డులో వేరే ఏ దారీ మొదలుపెట్టవద్దు. కానీ దీని పరిమితి కూడా గుర్తుంచుకోవాలి: ఎంత చక్కగా వేరుచేసినా తయారైన చెత్త తగ్గదు. వంద గ్లవ్స్ ఎరుపు సంచిలో పడ్డా తప్పు సంచిలో పడ్డా అవి వంద గ్లవ్సే. నాకు తెలిసిన చాలా ఆసుపత్రులు ఇక్కడికి వచ్చి, పని అయిపోయిందనుకుని ఆగిపోయాయి.

రెండో దారి: వస్తువును మార్చడం

మార్పిడుల్లో అన్నిటికన్నా తేలికగా తేలిపోయినది పాదరసం. విద్యార్థిగా ఉన్నప్పుడు నా చేతిలోని థర్మామీటర్ జారి గచ్చుమీద పగిలింది. జరిమానా భయంతో వణుకుతున్న నన్ను వదిలేసి, స్నేహితురాళ్ళు ఆ వెండి బొట్లను కాగితంతో ఒకచోటికి చేర్చి, అరచేతిలో వేసుకుని ఆడుకున్నారు. పెద్ద సిస్టర్ వచ్చి చీపురుతో మంచం కిందికి ఊడ్పించారు. ఆ గదిలో అంతమంది ఉన్నా అది నరాలను, మూత్రపిండాలను దెబ్బతీసే విషమని మాలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. థర్మామీటర్‌లో ఉండేది గ్రాము లోపు పాదరసమే అయినా పాత రక్తపోటు పరికరంలో దానికి ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందంపై 2013లో అంగీకారం కుదిరింది, మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. కనుక ఇందులో ఎంచుకోవలసినది ఏమీ లేదు: డిజిటల్ థర్మామీటర్, క్రమం తప్పకుండా సరిచూసుకునే అనెరాయిడ్ (పాదరసం లేకుండా ముల్లుతో చూపేది) లేదా డిజిటల్ బీపీ పరికరం. స్టోరు మూలన పాతవి ఉంటే వాటిని చెత్తలో వేయకండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి లిఖితపూర్వకంగా అప్పగించండి. పగిలితే చీపురు, వాక్యూమ్ రెండూ వాడకూడదు. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో బొట్లను చేర్చి, సూది లేని సిరంజితో పీల్చి, నీళ్ళున్న ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టాలి.

ఉతికి వాడే గుడ్డా, పారేసే షీటా అన్న పోలిక అంత సులభంగా తేలదు. ఆపరేషన్ గౌన్ల మీద జరిగిన జీవితచక్ర అధ్యయనాలు (తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణ భారాన్ని లెక్కగట్టేవి) ఎక్కువగా తిరిగి వాడే వాటివైపే మొగ్గాయి. అయితే ఆ అధ్యయనాల్లోని గౌను మన పాత నూలు గౌను కాదు, ద్రవం ఇంకని నేత. నూలు గుడ్డ తడిసిందంటే క్రిముల్ని ఆపదు. రక్తం, నీరు ఎక్కువగా ఉండే ఆపరేషన్లకు అది తగదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రి సీఎస్‌ఎస్‌డీలో, అంటే పరికరాలను, గుడ్డలను క్రిమిరహితం చేసే విభాగంలో, ఒక ఆయమ్మ ఉండేది. ఉతికి వచ్చిన ప్రతి డ్రేపును (ఆపరేషన్ వేళ రోగిపై కప్పే గుడ్డను) కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తిపట్టి, నాలుగు మూలలా కళ్ళతో వెతికి, చిల్లు కనిపిస్తే పక్కన పడేసేది, లేకపోతే మడతబెట్టేది. గంటకు ఎన్ని చూసిందని ఎవరూ లెక్కపెట్టలేదు, ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆ డ్రేపులన్నీ నిలబడ్డది ఆమె కళ్ళ మీదే. ఆమె పదవీ విరమణ చేశాక ఆ పని ఎవరికీ అప్పగించలేదు. చిల్లుల గుడ్డలు ఆపరేషన్ థియేటర్‌కు రావడం, డాక్టర్లు విసుక్కోవడం, ఆ తరువాతి ఇండెంటులో (స్టోరు నుంచి సామాను తెప్పించుకోవడానికి రాసే జాబితాలో) పారేసే డ్రేపులు చేరడం వరుసగా జరిగాయి. గుడ్డ వాడకం ఆగిపోవడానికి గుడ్డ కారణం కాదు. తిరిగి వాడే పద్ధతి ఎంచుకునేవారు ఆ పద్ధతిని నిలబెట్టే మనిషిని కూడా ఎంచుకోవాలి. అందుకు సమయం, గుర్తింపు ఇవ్వాలి.

ఇందులో కరెంటు లెక్క కూడా ఉంది. సెంట్రల్ లైన్ కిట్ల (పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేయడానికి వాడే సామాను) మీద ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగిన ఒక అధ్యయనంలో, తిరిగి వాడే కిట్టు ఖర్చులో చవకైనా కార్బన్ లెక్కలో పారేసే కిట్టు కన్నా బరువుగా తేలింది. అక్కడి కరెంటు గోధుమరంగు బొగ్గుతో తయారయ్యేది కావడమే దానికి కారణం. మన కరెంటులో కూడా అధిక భాగం బొగ్గుదే. కనుక స్టీలు ట్రేలకు, గుడ్డలకు మారే వార్డు ఒక నియమం పెట్టుకోవాలి: ఆటోక్లేవ్ నిండకుండా నడపకూడదు, నడవని వేళ ఆన్‌లో ఉంచకూడదు. రెండు డ్రమ్ముల సామాను కోసం రోజుకు నాలుగుసార్లు నడిపితే ఆదా అంతా ఆవిరైపోతుంది. కిడ్నీ ట్రేలు, గిన్నెలు, డ్రెస్సింగ్ సెట్ల వంటి స్టీలు సామాను విషయంలో నాకు సందేహం లేదు. అవి ఇరవయ్యేళ్ళు నిలుస్తాయి, మన ఆసుపత్రుల్లో వాటిని కడిగి ప్యాక్ చేసే అనుభవం ఇంకా బతికే ఉన్నది. నీటి ఎద్దడి ఉన్న అనంతపురం వైపు ఆసుపత్రులు మాత్రం లాండ్రీకి పట్టే నీటిని లెక్కవేసుకున్నాకే గుడ్డల జోలికి వెళ్ళాలి.

ఒకసారి వాడమని తయారుచేసిన వస్తువును కడిగి మళ్ళీ వాడటం ఈ దారిలోకి రానే రాదు. సిరంజి, సూది, కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం), సక్షన్ కాథెటర్ విషయంలో పర్యావరణం పేరు ఎత్తినవారిని అక్కడే ఆపండి.

ఇన్‌హేలర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్ప్రే రకం ఇన్‌హేలర్‌లో మందును తోసే వాయువుకు వాతావరణాన్ని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. పొడి పీల్చే రకంలో ఆ వాయువే ఉండదు, అది మన దగ్గర చవకగా దొరుకుతున్నది, చాలామంది ఇప్పటికే వాడుతున్నారు. ఏది రాయాలన్నది డాక్టరుగారి నిర్ణయం. చిన్నపిల్లలకు, గట్టిగా పీల్చలేనివారికి, తీవ్రమైన ఆయాసంలో ఉన్నవారికి పొడి రకం పనికిరాదు. నర్సు చేయగలిగినది పీల్చే పద్ధతిని దగ్గరుండి నేర్పడం, డిశ్చార్జి రోజున మళ్ళీ ఒకసారి చేయించి చూడడం. తప్పుగా పీలిస్తే ఏ రకమైనా మందు గొంతులోనే ఆగిపోతుంది, రోగి మళ్ళీ క్యాజువాలిటీకి వస్తాడు.

మూడో దారి: అవసరం లేనిచోట వాడకపోవడం

డబ్బాల క్రమం కుదిరిన వార్డులో మొదలుపెట్టడానికి ఒక్క దారి ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను. ఇందులో కొత్తగా కొనవలసినది ఏమీ లేదు.

గ్లవ్స్‌తో మొదలుపెడదాం. కోవిడ్ తరువాత మా వార్డులో వంద గ్లవ్స్ డబ్బా ఉదయం తెరిస్తే మధ్యాహ్నానికి ముందే అడుగు కనిపించేది. ఒక రోజు నేను ఒక సిస్టరు వెనకే నడిచాను. వేసుకున్న గ్లవ్స్‌తోనే బీపీ చూసింది, కేస్ షీటు రాసింది, ఫోనెత్తింది, తలుపు గడియ తీసింది, పక్క మంచానికి వెళ్ళి మాత్ర ఇచ్చింది. తన చేతికి ఏమీ అంటలేదు. ఒక మంచం నుంచి మరో మంచానికి మాత్రం అన్నీ చేరాయి. రక్తం, శరీర ద్రవాలు, పుండ్లు, నోరు, ముక్కు వంటి తడి పొరలు తాకవలసి వచ్చినప్పుడే గ్లవ్స్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతి శుభ్రత మార్గదర్శకాలు చెబుతాయి. బీపీ, నాడి, ఉష్ణోగ్రత చూడడానికి, మాత్రలు ఇవ్వడానికి, భోజనం పళ్ళేలు అందించడానికి, మరకలేని దుప్పటి మార్చడానికి, చర్మం బాగున్న రోగికి కండలోనో చర్మం కిందో సూదిమందు ఇవ్వడానికి కూడా మామూలు పరిస్థితుల్లో అవి అక్కరలేదు. అక్కడ కావలసినది చేతులు కడుక్కోవడం. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి నర్సులు 2018లో ఇదే మాట మీద ప్రచారం నడిపి ఏడాదిలో సుమారు 21 టన్నుల ప్లాస్టిక్కు తగ్గించారు. టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా విదేశీ ఆసుపత్రులకు వెళుతున్న మన అమ్మాయిలకు ఈ క్రమశిక్షణ ఇక్కడే అలవడితే అక్కడ కొత్తగా నేర్చుకోవలసిన పని ఉండదు.

అయితే ఒక షరతు ఉన్నది. ప్రతి మంచం దగ్గరా చేతులు రుద్దుకునే ద్రావణం, పనిచేసే కుళాయి, సబ్బు లేని వార్డులో గ్లవ్స్ తగ్గించమనడం తప్పు. ముందు అవి సమకూర్చండి. పాఠం చెప్పేటప్పుడు కూడా "గ్లవ్స్ తగ్గించండి" అనకండి, "చేతులు కడగండి" అనండి. మొదటి మాట వింటే సిస్టర్లకు తమ రక్షణకు కోత పెడుతున్నారనిపిస్తుంది, ఆ భయానికి కారణం లేకపోలేదు.

ఇక సెలైన్. మన ఊళ్ళలో నీరసమంటూ వచ్చిన మనిషికి గ్లూకోజు ఎక్కించకపోతే వైద్యమే చేయలేదనుకుంటారు. నోటితో తాగగలిగిన మనిషికి ఒక సీసా ఎక్కించడానికి ఎన్ని వస్తువులు కావాలో ఒకసారి ట్రేలో పేర్చి చూడండి: ప్లాస్టిక్ సీసా, ఐవీ సెట్టు, కాన్యులా, దాని కవరు, ప్లాస్టరు, స్పిరిట్ దూది, గ్లవ్స్. వీటితోపాటు నరం వాచే ప్రమాదం, సూది గుచ్చుకునే ప్రమాదం, అరగంట నర్సు సమయం కూడా లెక్కలోకి వస్తాయి. అదే మనిషికి 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ పొట్లాం ఒకటి, లీటరు మంచినీళ్ళు సరిపోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్‌లో సెలైన్ నిల్వలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళను రోగుల బంధువులతోనే తాగించారు. అక్కడ దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. పర్యావరణం గురించి ఎవరూ తలచని రోజుల్లో జరిగిన ఈ పనిని నేను ఈ దారికి ఉత్తమ ఉదాహరణగా చెబుతాను: తక్కువ వస్తువులతో, కుటుంబాన్ని కలుపుకుని, మెరుగైన వైద్యం.

ఆర్డరు రాసేది డాక్టరుగారు కనుక ఇక్కడ నర్సు అధికారం సగమే. కానీ ఆ సగం చిన్నది కాదు. ఉదయం రౌండులో "సార్, నిన్న సాయంత్రం నుంచి ఇడ్లీ తింటున్నారు, మాత్రకు మార్చవచ్చా?" అని అడగగలిగేది రోగి తినడం కళ్ళారా చూసిన నర్సే. యాంటీబయాటిక్, పారాసిటమాల్, కడుపు మంట ఇంజెక్షన్ల విషయంలో ఈ ఒక్క ప్రశ్న రోజుకు ఎన్నో సిరంజీలను ఆపుతుంది. వాడకుండా చేతికి ఉండిపోయిన కాన్యులాను తీసేయడానికి గుర్తుచేసేదీ ఆమే. వాంతులు ఆగనివారికి, స్పృహ సరిగా లేనివారికి, షాకులో ఉన్నవారికి సెలైనే ప్రాణాధారం. వారి విషయంలో తటపటాయించే ప్రసక్తే లేదు.

నాలుగో దారి: నీరు, కరెంటు

ఇది అన్ని వార్డులకూ సమానంగా అందే దారి కాదు. ఫ్యాన్లు, లైట్లు ఆపడం మంచిదే, అంతకు మించి జనరల్ వార్డు నర్సు చేతిలో ఉన్నది తక్కువ. డయాలిసిస్ యూనిట్ మాత్రం పూర్తిగా వేరు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు నడిస్తే ఒక్క రోగికి ఒక్క విడతకు 120 లీటర్ల ద్రవం పడుతుంది. అంత శుద్ధ నీటిని తీయడానికి ఆర్వో యంత్రం మరెంతో నీటిని పక్కకు నెట్టేస్తుంది. ఆ నెట్టేసిన నీటికి రోగితో సంబంధమే లేదు, అందులో లవణాలు ఎక్కువగా ఉంటాయి అంతే. కారణం తేలని మూత్రపిండాల వ్యాధితో తరాలుగా బాధపడుతున్న ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, పలాసల చుట్టూ డయాలిసిస్ కేంద్రాలు రోజంతా నడుస్తున్నాయి. మంచినీళ్ళే వేదనగా మారిన అలాంటి చోట ఆ నీటిని కాలువలోకి వదలడం మనసుకు పట్టని పని. ఒక గొట్టం, ఒక ట్యాంకు ఉంటే అది మరుగుదొడ్లకు, నేల తుడవడానికి సరిపోతుంది. మొక్కలకు పోసే ముందు లవణాల పరీక్ష చేయించాలి, ఆటోక్లేవ్‌కు వాడకూడదు. రోగి నుంచి వచ్చిన వాడిన డయాలిసిస్ ద్రవాన్ని మాత్రం ఇందులో కలపనే కూడదు. ఈ మార్పుకు ఇంజనీరు, పరిపాలన అనుమతి కావాలి. అడగవలసిన మొదటి మనిషి మాత్రం రోజూ ఆ నీరు పోవడం చూసే టెక్నీషియను, నర్సు.

ఐదో దారి: వార్డు బయట మాట్లాడటం

2015 మే నెలలో వడగాడ్పులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఉపాధి పనికి, పొలానికి, ఇటుక బట్టీకి వెళ్ళినవారు ఒళ్ళు కాలిపోతూ క్యాజువాలిటీకి వచ్చినప్పుడు వాళ్ళ నుదుటి మీద తడిగుడ్డ వేసింది నర్సులే. వాతావరణ మార్పు రోగుల రూపంలో ముందుగా చేరేది మన దగ్గరికే కనుక దాని గురించి పంచాయతీలో, కలెక్టరు సమావేశంలో, సంఘం మహాసభలో మాట్లాడే హక్కు మనకు ఉన్నదని కొత్త ఆలోచనాధోరణి అంటుంది. నేను దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ముప్పై పడకలకు ఇద్దరు సిస్టర్లు ఉన్న వార్డుకు దీన్నే మొదటి పనిగా అప్పగించను. ఆశా కార్యకర్తలతో, ఏఎన్‌ఎంలతో రోజూ కలిసి పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సుకు ఇది సహజంగా కుదురుతుంది: ఏప్రిల్‌లోనే ఓఆర్‌ఎస్ పొట్లాలు పంచడం, పని వేళలు మార్చమని అడగడం, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళు గుర్తుపెట్టుకోవడం.

ఎవరికి ఏది

జనరల్ మెడికల్ వార్డుకు, ఇరవై ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌కు నా సలహా మూడో దారి: ముందు చేతి శుభ్రత, గ్లవ్స్, రెండు నెలలకు అది కుదిరాక సెలైన్ నుంచి మాత్రకు మారే ప్రశ్న. ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి రెండో దారిని ఎంచుకోవచ్చు, అయితే సీఎస్‌ఎస్‌డీతో, లాండ్రీతో కూర్చుని మాట్లాడాకే. ఐసీయూలో పారేసే వస్తువులను ప్రశ్నించడం కన్నా, మంచం పక్కన పేర్చిన నిల్వను తగ్గించడం మేలు. ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ ఉన్న రోగి వెళ్ళాక ఆ డ్రాయరులోని తెరవని ప్యాకెట్లు కూడా పారేయవలసి వస్తుంది, ముందుజాగ్రత్తగా చింపి పెట్టుకున్నవి ఎలాగూ పోతాయి. ఒక షిఫ్టుకు సరిపడా ఉంచితే చాలు. టీకాలు వేసే ఏఎన్‌ఎం అమ్మాయిలు ఓపెన్ వయల్ విధానాన్ని కచ్చితంగా పాటించడమే గొప్ప ఆదా: పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటి సీసాలను నిబంధనల ప్రకారం చల్లగా ఉంచి, తెరిచిన తేదీ రాసుకుంటే నాలుగు వారాల దాకా వాడవచ్చు, బీసీజీ, మీజిల్స్-రుబెల్లా, లైవ్ రకం జేఈ (మెదడువాపు టీకా) సీసాలను మాత్రం నాలుగు గంటల తరువాత తప్పక పక్కన పెట్టాలి. ఈ రెండో భాగంలో పొదుపు చూపితే పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా మొదటి రోజు చేయవలసిన పని ఒకటే. ఇండెంటు పుస్తకం తీసి గత మూడు నెలల్లో గ్లవ్స్ డబ్బాలు, ఐవీ సెట్లు, సెలైన్ సీసాలు, పారేసే షీట్లు ఎన్ని తెప్పించారో ఒక కాగితం మీద నెలవారీగా రాయండి, పక్కనే ఆ నెలలో వార్డులో ఉన్న రోగుల సంఖ్య రాయండి. ఆ కాగితాన్ని నాలుగు రంగుల చార్టు పక్కన అంటించండి. రాత్రి డ్యూటీ సిస్టర్లకు, ఆయాలకు కూడా చదివి వినిపించండి. ఎక్కడ వృథా అవుతున్నదో మీకన్నా ముందు వాళ్ళే చెబుతారు. మరుసటి నెల ఇండెంటు రాసేటప్పుడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకోండి.